దిష్టిచుక్క పెట్టిన రీడింగులు

ఈ ఉద్యోగం ఎక్కడుంటుందంటే

పాలిటెక్నిక్ కాలేజీల్లో ఎలక్ట్రికల్ లెక్చరర్లుగా కొత్తగా చేరుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను నందిగామ దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు జగ్గయ్యపేటలో. రోజూ హైవే మీద ఆర్టీసీ బస్సులో పోవడం, రావడం. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ప్రిన్సిపాల్ ఏ కాగితం మీద సంతకం పెట్టకుండా తిప్పించుకున్నాడు, ఇవన్నీ మీకు అక్కర్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది కాబట్టి నాకూ అక్కర్లేదు.

చెప్పదలచుకున్నది ఒక్క ప్రయోగం గురించి. సర్క్యూట్స్ ల్యాబ్‌లో అన్నిటికంటే ముందు చేయించేది. కేసీఎల్, కేవీఎల్ అంటాం. ఒకటి కరెంటు నియమం, రెండోది వోల్టేజి నియమం. మొదటిది చెప్పేది ఇంతే: తీగలు కలిసే చోటుకి ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాలి. మధ్యలో మిగలదు, కొత్తగా పుట్టదు. రెండోది: సర్క్యూట్ చుట్టూ ఒక రౌండు తిరిగొస్తే, సప్లయి ఇచ్చిన వోల్టేజి అంతా దారిలో ఖర్చయిపోయి ఉండాలి. ఎవరికైనా ఒక్కసారి చెబితే అర్థమయ్యే సంగతి. అంత తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టే దాన్ని నిజంగా చేసి చూసేవాళ్ళు ఉండరు.

నవ్వకండి. మీరూ డిప్లొమాలో ఈ ప్రయోగం చేసే ఉంటారు. ఆ రోజు మీ టేబుల్ మీద మీటర్లో ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తుందా? ఉండదు. మీరు చూడలేదు కాబట్టి.

నా సర్వీసులో ఈ ప్రయోగం ప్రతి ఏడూ చేయించాను. అది నిజంగా జరగడం చూసింది మాత్రం బహు తక్కువ. అందులో ఒకసారి, వత్సవాయి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉద్యోగం దాని మీదే నిలబడింది. ఆ సంగతి చెప్పాలి. కానీ ముందు మా మేడమ్ గురించి చెప్పకపోతే అది మీకు సగమే అర్థమవుతుంది.

హైమావతి మేడమ్

మా డిపార్ట్‌మెంట్ హెడ్ హైమావతి గారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం పై అంతస్తులో సివిల్ వాళ్ళకి కూడా వినపడేది. ఆవిడ ల్యాబ్‌లోకి వస్తుంటే పిల్లలు సర్దుకునేవాళ్ళు, నిజం చెప్పాలంటే మేమూ సర్దుకునేవాళ్ళం.

మిగతా అందరం ముందు నియమం చెప్పి, బోర్డు మీద సర్క్యూట్ గీసి, తర్వాత ప్రయోగానికి పంపేవాళ్ళం. ఆవిడ తిప్పి చేసేవారు. నియమం పేరే ఎత్తకుండా పిల్లల చేత కనెక్షన్లు ఇప్పించి, మూడు మీటర్లు చదివించి, ఏం కనపడింది, మీరే చెప్పండి అని కూర్చునేవారు. ఆ క్లాసులో ఎవడో ఒకడు, "మేడమ్, ఈ రెండూ కలిపితే అది వస్తున్నట్టుందండి" అనేవాడు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి! అది వాడే కనిపెట్టాడన్నట్టు వాడి పేరు బోర్డు మీద రాసేవారు. ఆ పేరు తుడవకుండా వారమంతా ఉంచేవారు. నేను ఆ పద్ధతి నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే దానికి నోరు మూసుకుని కూర్చోవడం రావాలి. నాకు అది రాదు.

మీటర్ చదవడం దగ్గర మాత్రం ఆవిడ రాక్షసి. మంచి మీటర్లలో ముల్లు కింద సన్నటి అద్దం పట్టీ ఉంటుంది. కన్ను సరిగ్గా ముల్లు పైకి వస్తే అద్దంలో ముల్లు నీడ ముల్లు వెనకే దాక్కుంటుంది. పక్క నుంచి చూస్తే రెండుగా కనపడుతుంది, రీడింగు తప్పొస్తుంది. ఎవడైనా నిలబడి దూరం నుంచి చదివితే ఆవిడ వెనకనుంచి వచ్చి భుజాలు పట్టుకుని స్టూలు మీద కుదేసేవారు.

"కూర్చో! ఏం తొందర? బస్సు పోతుందా? ముల్లు ఒకటి కనపడుతోందా రెండా? ఒక కన్ను ముయ్యి. ఆఁ, ఇప్పుడు చదువు."

ఒక రోజు జరిగింది ఇప్పటికీ తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను. వోల్టేజి నియమం చేస్తున్న టేబుల్ దగ్గర నలుగురు కుర్రాళ్ళు మహా శ్రద్ధగా రీడింగులు రాస్తున్నారు. ఒకడు చెబుతున్నాడు, ఒకడు రాస్తున్నాడు. పట్టిక నిండింది, మొత్తాలు అద్భుతంగా కలిశాయి. మేడమ్ వచ్చి పట్టిక చూడలేదు, మీటర్ చూశారు. ముల్లు సున్నా మీద ఉంది. సప్లయి పెట్టె ఫ్యూజు పోయింది. అది ఎప్పుడు పోయిందో ఆ నలుగురికీ తెలీదు, కానీ రీడింగులు మాత్రం ఆగలేదు.

నేను బయటికి పంపించేస్తారనుకున్నాను. ఆవిడ పట్టిక చేతిలోకి తీసుకుని, ఒక్కో అంకె పైకి చదివారు. తర్వాత చాలా మర్యాదగా అడిగారు: "కరెంటు లేకుండానే ఇంత చక్కగా వచ్చాయి కదా నాన్నా, ఉంటే ఇంకెంత బాగా వచ్చేవో! ఫ్యూజు మార్చి చూద్దామా?" వాళ్ళ చేతే ఫ్యూజు మార్పించి, వాళ్ళ పక్కనే కూర్చుని చివరిదాకా చదివించారు. మొత్తం కలవలేదు. ఇంకో మీటర్లో ముల్లు సున్నా నుంచే కొంచెం పక్కకి జరిగి ఉందని ఆ నలుగురే కనిపెట్టారు. ఆ రోజు వాళ్ళకి చిన్న స్క్రూడ్రైవర్‌తో సున్నా సర్దడం కూడా వచ్చేసింది.

రీడింగులు కలవని పిల్లలు బిక్కమొహం వేసుకుని వస్తే ఆవిడ అనే మాట ఒకటుండేది. "నియమం తప్పయ్యే అవకాశం లేదు. నీ కన్ను సరిగ్గా ఉంది, మీటర్ సరిగ్గా ఉంది, అయినా కలవలేదంటే నువ్వు లెక్కపెట్టని దారి ఒకటి ఉందన్నమాట. వెతుక్కో." ఈ మాట మీరూ మీ పిల్లలకి చెప్పండి. ఆవిడ పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, ఆవిడేమీ అనుకోరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. టైము ఆవిడకి పట్టేది కాదు. బ్యాచ్ వదిలేసరికి ఊళ్ళ బస్సులు పోయేవి, పిల్లలు ఆటోల కోసం హైవే మీద నిలబడేవాళ్ళు. నేను ఒకసారి గట్టిగా అన్నాను కూడా. "మీరు చెప్పింది నిజమేనండి" అని ఒప్పుకుని, మర్నాడు మళ్ళీ అంతే చేశారు. అయినా నా సర్వీసులో అంత గొప్ప టీచర్ని చూడలేదు.

కాకిలెక్కల పద్ధతి

ఇప్పుడు మన పరువు తీసే సంగతి చెప్పాలి. ల్యాబ్‌లలో పిల్లలు రీడింగులు ఎలా రాస్తారో మీకు తెలీదని కాదు, తెలియనట్టు ఉంటారని చెబుతున్నాను.

దాన్ని మా పిల్లలు "వెనక నుంచి రావడం" అనేవాళ్ళు. ముందు క్యాలిక్యులేటర్‌తో ఎంత రావాలో లెక్కేస్తారు. ఆ జవాబుని పట్టిక చివర పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ మీటర్ రీడింగులు రాస్తారు. మీటర్ వైపు చూడక్కర్లేదు. ఈ మధ్య అది కూడా లేదు, సీనియర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నారు.

అందులోనూ కళ ఉంది. అంకెలు మరీ సరిగ్గా కలిస్తే లెక్చరర్‌కి అనుమానం వస్తుంది. అందుకని తెలివైనవాడు అక్కడక్కడా చిన్న తేడా పెడతాడు. రెండు అని రావాల్సిన చోట రెండు పాయింట్ సున్నా ఒకటి రాస్తాడు. దాన్ని మా వాళ్ళు "దిష్టిచుక్క" అనేవాళ్ళు. పసిపిల్ల బుగ్గ మీద కాటుక చుక్క పెట్టినట్టు, రీడింగు మరీ అందంగా ఉండకుండా ఒక చుక్క! "ఒరేయ్, దిష్టిచుక్క పెట్టావా?" అని టేబుల్ నుంచి టేబుల్‌కి అడుగుతుండటం నా చెవులారా విన్నాను. కోపం వచ్చింది గానీ, ఆ మాట పుట్టించినవాడెవడో వాడి బుర్రకి దణ్ణం పెట్టాలనిపించింది.

తప్పు పిల్లలది అని మాత్రం రాయను. ఒక టేబుల్‌కి అయిదుగురు, అందులో ముగ్గురికి మీటర్ కనపడదు. కలిసిన పట్టికకి మార్కులిస్తాం, కలవని పట్టికకి కోస్తాం. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌కి కారు పంపి, బిర్యానీ పెట్టి, తూతూమంత్రంగా సంతకాలు చేయించుకుని పంపేస్తాం. ఇంతా చేసి, పిల్లలు అబద్ధం రాస్తున్నారని స్టాఫ్ రూములో కూర్చుని బాధపడతాం. వాళ్ళు మనం అడిగిందే ఇస్తున్నారు.

మల్లేశ్వరి

మల్లేశ్వరిది వత్సవాయి. వాళ్ళ నాన్న పత్తి రైతు. ఆ అమ్మాయిని గురించి క్లాసులో అందరికీ ఒకటే ఫిర్యాదు, నిదానం. అందరూ కనెక్షన్ ఇచ్చి స్విచ్ వేసేసరికి ఈ పిల్ల ఇంకా వైరు చివరలు మెలిపెడుతూ ఉండేది. ప్రతి స్క్రూ బిగించాక వైరు లాగి చూసేది. మీటర్ ముందు కూర్చుని దాని పైనున్న గాజు మీద గోటితో చిన్నగా తట్టి, ముల్లు కుదురుకునేదాకా ఆగి, అప్పుడు రాసేది. ఆ అలవాట్లన్నీ మేడమ్‌వే. మేడమ్ చెప్పినవి అందరూ విన్నారు, ఈ పిల్ల పాటించింది, అంతే తేడా.

దాని ఫలితం ఏమిటంటే, సర్క్యూట్స్ ల్యాబ్ పరీక్షలో మొదటిసారి తప్పింది. టైము అయిపోయేసరికి కనెక్షన్లు పూర్తయ్యాయి, పట్టిక ఖాళీగా ఉంది. వెనక నుంచి రావడానికి క్షణం పట్టదు. ఆ పిల్ల అలా రాలేదు. ఖాళీ పట్టికే ఇచ్చి బయటికొచ్చింది. మేడమ్ ఆ రోజు తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. "స్పీడు పెంచుకో తల్లీ. పద్ధతి మాత్రం మార్చకు" అన్నారు. ఆ ఏడే మేడమ్ రిటైరై విజయవాడ వెళ్ళిపోయారు.

చివరి సంవత్సరంలో, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి మా కాలేజీకి వచ్చి ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌లని ఎంపిక చేసుకుంది. మల్లేశ్వరి పేరు వచ్చింది. అందరూ ఆశ్చర్యపోయారు, నేను పోలేదు. కానీ ఒక షరతు. చేరే రోజుకి ఒక్క సబ్జెక్టు కూడా మిగిలి ఉండకూడదు. ఆ అమ్మాయికి మిగిలింది ఆ ఒక్క ల్యాబే. ఈసారి గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

పరీక్షకి ముందు వాళ్ళ నాన్న కాలేజీకొచ్చి నన్ను వరండాలో పట్టుకున్నాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"మాస్టారూ, మా పిల్లకి మీరన్నా చెప్పండయ్యా. అందరూ ఎట్టా రాస్తే అట్టా రాసి బయటపడమని. మిగతావాళ్ళంతా పాసవట్లా? ఇదొక్కతే ఏందండీ ఇట్టా పట్టుకు కూచుంటది?"

"బాగా చేస్తదిలే, నువ్వు కంగారుపడకు" అన్నాను.

"బాగా చేస్తే ఎందుకు తప్పిందండీ పోయినసారి?" అన్నాడు. టీ తాగి వెళ్ళమన్నాను, వద్దని వెళ్ళిపోయాడు.

పరీక్ష

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా రంగనాథం గారు వస్తున్నారని తెలిసింది. విజయవాడ వైపు కాలేజీలో సీనియర్ లెక్చరర్. ఆయన వెళ్ళిన చోట సగం మంది మళ్ళీ పరీక్ష రాయాల్సిందే అని పేరు. ప్రిన్సిపాల్ కారు పంపిస్తే ఎక్కలేదు. బస్సులో దిగి, ఆటో ఎక్కి, చేతిలో సొంత క్యారియరుతో వచ్చారు. బిర్యానీ మాట ఎత్తితే, "నేను మధ్యాహ్నం పెరుగన్నమే తింటానండీ" అన్నారు. అయిపోయాం రా దేవుడా అనుకున్నాను.

ఆ పూట బ్యాచ్ చిన్నది, మల్లేశ్వరి తప్ప అంతా జూనియర్లే, మనిషికో టేబుల్. ఎవరికి ఏ ప్రయోగమో తేల్చే లాటరీ చీటీలు ఆయన పక్కకి నెట్టి, "అందరూ కేసీఎల్ చేయండి" అన్నారు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి. అంతకంటే తేలిక ప్రయోగం లేదు కదా!

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. కరెంటుని కాస్త అడ్డుకోవడానికి మామూలుగా ఈ ప్రయోగంలో వాడే చిన్న రెసిస్టర్లు ఆ ఏడు చాలామటుకు మాడిపోయాయి. స్టోర్సు నుంచి వాటికంటే బాగా ఎక్కువ విలువవి, పది కిలో ఓమ్‌లవి తెచ్చి బోర్డులకి పెట్టాం. సర్క్యూట్ మాత్రం పాతదే. పది వోల్టుల సప్లయి. దాని నుంచి వచ్చే కరెంటు ఒక చోట రెండుగా చీలి, రెండు రెసిస్టర్లలోకి పోతుంది. వచ్చేదాన్ని కొలవడానికి ఒక అమ్మీటరు, పోయే దారులకి ఒక్కొక్కటి. పది వోల్టులు సరిగ్గా అందుతున్నాయో లేదో చూడటానికి ఆ రెసిస్టర్ల పక్కనే ఒక వోల్ట్‌మీటరు. ఒక్కో దారిలో ఒక మిల్లీ యాంప్ పోవాలి, కాబట్టి రెండు రావాలి. నోటి లెక్క.

శ్రీకాంత్ అనే కుర్రాడు అందరికంటే ముందు ముగించాడు. వాడు వెనక నుంచి రావడంలో ఆ బ్యాచ్‌కే గురువు. వచ్చింది రెండు పాయింట్ సున్నా ఒకటి, పోయింది ఒకటీ ఒకటీ. దిష్టిచుక్క భేషుగ్గా ఉంది. రంగనాథం గారు చూసి తలూపి ముందుకెళ్ళారు. తర్వాతి టేబుల్, ఆ తర్వాతి టేబుల్, అన్నీ అలాగే ఉన్నాయి.

మల్లేశ్వరి కనెక్షన్లు ఈసారి తొందరగానే అయ్యాయి. స్పీడు పెంచుకుంది. కూర్చుంది, గాజు మీద తట్టింది, చదివింది. చదివి ఆగిపోయింది. స్విచ్ తీసేసింది. మూడు అమ్మీటర్లనీ అటుది ఇటు, ఇటుది అటు మార్చింది. మళ్ళీ చదివింది. టైము పోతోంది. నేను ఇంటర్నల్ ఎగ్జామినర్ని, నోరు తెరవకూడదు. దూరం నుంచి చూస్తూ నా గోళ్ళు నేనే కొరుక్కుంటున్నాను. చివరికి పెన్నుతో రాసింది. పోతున్నవి ఒకటీ, ఒకటీ. వస్తున్నది రెండు పాయింట్ మూడు.

రంగనాథం గారు పట్టిక తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏంటమ్మా ఇది? వచ్చింది రెండు పాయింట్ మూడు, పోయింది రెండు. మిగతాది ఎక్కడికి పోయింది?"

"తెలీదండి."

"తెలీకుండా రాసేసావా?"

"ముల్లు అక్కడే ఉందండి. అక్కడుందని రాసా."

"మీటర్ తప్పేమో."

"మార్చి చూసానండి. మూడిట్నీ మార్చా. ఏది పెట్టినా అంతే వస్తోంది."

"చుట్టూ చూడు. అందరికీ రెండే వచ్చింది. నీ ఒక్కదానికే వేరే ఎందుకొస్తుంది?"

ఆ పిల్ల చుట్టూ చూసింది. వెనక టేబుల్ నుంచి శ్రీకాంత్ రెండు వేళ్ళు చూపిస్తున్నాడు, రెండని దిద్దెయ్ అని. పాపం, వాడు మంచికే చెబుతున్నాడు. నాకూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. దిద్దెయ్యమ్మా, ఒక్క అంకె, మీ నాన్న తువ్వాలు నలుపుకుంటూ ఊళ్ళో కూర్చున్నాడు, దిద్దెయ్.

"వాళ్ళకెందుకు కలిసిందో నాకు తెలీదండి. నా టేబుల్ మీద ఇదే వచ్చింది" అంది.

"అయితే నియమం తప్పంటావా?"

"కాదండి. నేను లెక్కపెట్టని దారేదో ఉండుంటదండి."

రంగనాథం గారు ఆ పిల్లని ఎగాదిగా చూశారు. పట్టిక టేబుల్ మీద పెట్టారు. "సరే. వెతుకు. టైము అయ్యేలోపు దొరికితే మార్కులు వేస్తాను. దొరకలేదంటే మాత్రం నేను వేయలేనమ్మా, ఎవరు చెప్పినా" అన్నారు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ దారి ఎక్కడుందో నాకూ తట్టలేదు. లూజు కనెక్షన్ అనుకున్నాను. బోర్డు పాడైందనుకున్నాను. అలవాటైన సర్క్యూట్‌ని కళ్ళు చూడవు, చూశామనుకుంటాయి.

మల్లేశ్వరి స్విచ్ తీసేసి, సప్లయి దగ్గర వేలు పెట్టింది. తీగ వెంట వేలు జరుపుకుంటూ వచ్చింది. మొదటి అమ్మీటరు దాటింది. తీగలు చీలే స్క్రూ దగ్గరకొచ్చింది. ఇదొక దారి, ఇదొకటి అని గొణుక్కుంటూ రెండూ చూసింది. వేలు మళ్ళీ స్క్రూ దగ్గరకి వెళ్ళింది. అక్కడ ఇంకో తీగ ఉంది. అది వోల్ట్‌మీటరుకి పోతోంది. వేలు అక్కడే ఆగింది.

స్విచ్ వేసింది. ముల్లు రెండు పాయింట్ మూడు మీదకి లేచింది. వోల్ట్‌మీటరు తీగ ఒకటి ఊడదీసింది. ముల్లు దిగి రెండు మీద ఆగింది. మళ్ళీ పెట్టింది, ముల్లు లేచింది. మళ్ళీ తీసింది, దిగింది.

"సార్! ఇదండీ! ఇది తాగేస్తోందండి!"

అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. రంగనాథం గారు క్యారియరు, కాగితాలు పక్కన పడేసి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "లే, నన్ను చూడనీ... ఏదీ, పెట్టు. ఆఁ. ఇప్పుడు తియ్యి. మళ్ళీ పెట్టు." ఆ పెద్దమనిషి ముల్లు లేచినప్పుడల్లా తనూ తల పైకెత్తుతున్నారు. మార్కులు కోసే ఆ మాస్టారేనా ఈయన అని నేను నోరెళ్ళబెట్టి చూశాను.

కొత్తగా వచ్చేవాళ్ళ కోసం విడమరిచి చెబుతాను. వోల్ట్‌మీటరు ముల్లు తిరగాలంటే దానికీ కాస్త కరెంటు కావాలి. కొలిచే మీటరు కూడా ఒక దారే. చిన్న రెసిస్టర్లు పెట్టినప్పుడు దారుల్లో బోలెడంత కరెంటు పోతుంది, మీటరు తాగింది కనపడదు. పెద్ద రెసిస్టర్లు పెట్టేసరికి పోయేదే కొంచెం, అందులో మీటరు వాటా కొట్టొచ్చినట్టు కనపడింది. నియమం అక్షరాలా నిజం. వచ్చినదంతా పోయింది, రెండు దారుల్లో కాదు, మూడు దారుల్లో.

రంగనాథం గారు లేచి నిలబడ్డారు. నవ్వు మొహం అలాగే ఉంది. చుట్టూ టేబుళ్ళ వైపు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. ప్రతి టేబుల్ మీదా అదే సర్క్యూట్. ప్రతి సర్క్యూట్‌కీ వోల్ట్‌మీటరు తగిలించే ఉంది. నవ్వు తగ్గుతూ వచ్చింది.

"మరి మీ అందరికీ ఎలా కలిసింది?"

తల ఎత్తినవాడు లేడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలియలేదు. చివరికి శ్రీకాంతే లేచాడు. వాడిలో ఆ నిజాయితీ ఉంది, అది కూడా రాయాలి.

"లెక్కేసి రాసేసామండి."

"ఎవరెవరు?"

"అందరం సార్. తనొక్కతే తప్ప."

సస్పెండ్ చేయిస్తారనుకున్నాను. ఆయన గోడ గడియారం చూశారు. "రాసినవి కొట్టేయండి. అందరూ మళ్ళీ తీయండి. ఈసారి కూర్చుని తీయండి" అన్నారు, అంతే. స్టూళ్ళు కిర్రుమన్నాయి. తర్వాత ఒక మూల నుంచి ఒకడు, "ఒరేయ్, నాకూ రెండు దాటిందిరా" అన్నాడు. ఇంకొకడు, "సార్, నాకూ పాయింట్ మూడు ఎక్కువొస్తోంది!" అన్నాడు. శ్రీకాంత్ తీగ ఊడదీసి పెట్టి, ఊడదీసి పెట్టి, "వామ్మో, నిజంగానే దిగుతోంది సార్" అన్నాడు, వాళ్ళింట్లో పాప అడుగులేసినంత సంబరంగా. పరీక్షలో అలా మాట్లాడకూడదు. రంగనాథం గారు ఆపలేదు, నేనూ ఆపలేదు. ఆ గోల వింటూ నిలబడితే నాకు హైమావతి మేడమ్ ఇక్కడ ఉంటే బాగుండుననిపించింది.

మల్లేశ్వరి కూడా స్టూలు ముందుకి లాక్కుంది. "నేనూ మళ్ళీ తీయాలాండి?"

"నువ్వెందుకమ్మా? నువ్వు తీసావుగా. వెళ్ళు" అన్నారు రంగనాథం గారు. ఆ పట్టిక మీద అడ్డంగా సంతకం పెట్టి, మార్కుల కాగితంలో ముందుగా ఆ పిల్ల నంబరు వెతుక్కుని రాశారు. నేను పక్క నుంచి చూశాను. అన్ని మార్కులు ఆయన ఎవరికీ వేసి ఉండరు.

ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టి, తలుపు దగ్గర పెట్టెలోంచి తన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. కిటికీ పక్కనే నిలబడి మాట్లాడుతోంది, లోపలికి వినపడుతూనే ఉంది.

"నాన్నా, నేనే... ఆఁ, అయిపోయింది. లేదు నాన్నా, కలవలా... కలవలేదు నాన్నా. అయ్యో, ఏడవట్లా నేను, నువ్వు ముందు విను. కలవలేదు కాబట్టే పాసయ్యా."